కడిగిన రూపాయి

నాణేలు పోగుచేసేవాళ్లకు ఒక పట్టింపు ఉంటుంది. దొరికిన నాణెం ఎంత నల్లగా ఉన్నా కడగరు. చింతపండు పెట్టి తోమితే వెండి తళతళలాడుతుంది గాని, అరిగిన అక్షరాల సందుల్లో నిలిచిన నలుపు పోతుంది. ఆ నలుపే అక్షరాన్ని కంటికి చూపించేది. అది పోయాక అక్షరమూ వెండే, చుట్టూ ఉన్నదీ వెండే. నాణేల పిచ్చి ఉన్న మా నలుగురిలో వనపర్తి వకీలు గారికి ఈ సంగతి అనుభవం మీద తెలుసు. ఒక దసరాకు ఆయన భార్య రాగి చెంబులతో పాటు ఆయన పెట్టెలోని, వనపర్తి సంస్థానంలో కొట్టిన పాత సుగూరు రూపాయలను కూడా తోమి, ఎండలో ఆరబెట్టి, "ఎట్లా మెరుస్తున్నాయో చూడండి" అన్నదట. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా, మనిషి పోయినంత దుఃఖంతో చెప్పేవారు. మేం విరగబడి నవ్వేవాళ్లం.

మిగిలిన ముగ్గురిలో ఒకరు గద్వాలలో వెండి బంగారాలు పరీక్షించి కొనే సావుకారు. ఇంకొకరు గద్వాలలోనే చీరలు నేసే మనిషి. యాభై దాటాయి, అక్షరం ముక్క రాదు. నేను ఆయన్ని తాతా అనేవాణ్ని. నేను నాగర్‌కర్నూలు బడిలో పంతులును. ఇదంతా రెండో పెద్ద యుద్ధం మొదలైన రోజుల మాట.

రెండు నెలలకు ఒక శుక్రవారం కలిసేవాళ్లం. అప్పట్లో బడికీ కచేరీకీ శుక్రవారమే సెలవు. గురువారం బస్సులో వనపర్తి చేరి వకీలు గారి ఇంట్లో ఆగి, మర్నాడు పొద్దున్నే ఆయనతో స్టేషనుకు బండి కట్టించుకుని, రైల్లో కృష్ణ దాటి గద్వాలకు పోయేవాణ్ని. సావుకారు దుకాణం వెనక గదిలో జంపఖానా పరిచి ఉండేది. మొదట నోటి ప్రశ్నలు. విజయనగరం బంగారు హొన్ను మీద రెండు తలల పక్షి ఏం పట్టుకుని ఉంటుంది? ఏనుగుల్ని. చార్మినార్ రూపాయిలో గుమ్మం నడుమ ఏ ఉర్దూ అక్షరం ఉంటుంది? ఇందులో మెలిక ఉంది. పాత నిజాం గారిదైతే మీము, ఇప్పటి ఆయనదైతే ఐను. ఏదో ఒకటే చెప్పినవాడు ఓడినట్టు. ఓడినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాలి.

తర్వాత గుడ్డ ఆట. కుడిచేతి మీద తువాలు కప్పి, దాని కిందికి ఒక నాణెం జారవిడుస్తారు. బొటనవేలితో తడిమి అది ఏమిటో, ఎప్పటిదో చెప్పాలి. చెవి దగ్గర మోగించడం, కొరకడం కుదరదు. గెలిచినవాడు నాణేల సంచిని ఇంటికి తీసుకుపోయి వచ్చే ఆటకు ప్రశ్నలు కట్టుకుని రావాలి. ఆ సంచి తాత నేసిందే. చీర అంచులో మిగిలిన పట్టుతో నేశాడు. మూడేళ్లుగా గెలుపు ఆయనదే, అది ఇంకొకరి ఇంటికి పోయింది లేదు.

ఆయనకు మీము అంటే ఏమిటో తెలియదు. "గుమ్మంల తల ఉంటె మీము, నోరు తెరిస్తె ఐను" అని తనకు తానే గుర్తు పెట్టుకున్నాడు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగూ కలిపి నేస్తారు. తెగిన పోగును రెండు వేళ్ల నడుమ పెట్టి మెలేసి అతుకుతారు. నలభై ఏళ్లు ఆ పని చేసిన వేలు ఆయనది. ఒకసారి గుడ్డ కింద ఒక రూపాయిని తడిమి ఇలా అన్నాడు.

"గిది మెడల ఏసుకున్న రూపాయి. కొండి ఊడబీకి అరగదీసిన్రు. ఆమె చెమట తిన్నది గిది."

"చెమట గూడ తెలుస్తదా అన్నా?" అన్నాడు సావుకారు.

"నీది తెలుస్తలేదా? బజ్జీలు తెప్పియ్యాలంటే కారుతది గద."

గుడ్డ తీసి చూస్తే నిజంగానే అంచున కొండి ఊడిన మచ్చ ఉంది.

ఆ వేలి పేరు ఊళ్లోకి పాకింది. అమ్మవారు ఆయన గోటి మీద కూర్చుందన్నారు. పెళ్లి ముడుపు కట్టేముందు రూపాయి తెచ్చి ఆయనతో తాకించుకుని పోయేవాళ్లు మొదలయ్యారు. "అమ్మవారికి కూసునేటందుకు నా గోరే దొరికిందా?" అని ఆయన నవ్వేవాడు గాని, వచ్చినవాళ్లను వద్దనేవాడు కాదు. నాకు అదే మండేది. నేను పట్నంలో చదివే రోజుల్లో సంస్కరణ సభల్లో మాట్లాడడం నేర్చుకున్నవాణ్ని. తాయెత్తులకూ సోదికీ దిష్టి తీయడానికీ ఎదురుగా నిలబడి మాట్లాడడమే నా పని అనుకునేవాణ్ని. ఆ వాదాలు తప్పని ఇవాళ కూడా అనను. కాని ఎదుటివాడి మాటలో పగులు వెతకడం అలవాటైనవాడికి, ఎదుటి మనిషిలో పగులు ఎప్పుడు వచ్చిందో కనిపించదు.

ఆ ఏడు వైశాఖంలో నేను సంచిలోవి కాకుండా, అమ్రాబాద్ వైపు అంగళ్లలో పోగుచేసిన నాణేలు కొన్ని రుమాలులో కట్టుకుపోయాను. గుడ్డ ఆట నేను ఆడిస్తానన్నాను. తాత అభ్యంతరం చెప్పలేదు. మొదటిది చార్మినార్ రూపాయి.

ఆయన చాలాసేపు తడిమాడు. "మీము," అన్నాడు.

గుడ్డ తీశాను. ఐను.

"ఏందన్నా, వేలు నిద్రపోయిందా?" అన్నాడు సావుకారు.

"జర మొద్దుబారింది. చలికి."

"వైశాఖంల చలేంది?"

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. రెండోది రాగి దుడ్డు. బొటనవేలు వదిలి చూపుడువేలు వాడాడు, తర్వాత ఎడమచేతికి మార్చాడు. అదీ తప్పాడు. మూడోది ఇస్తే గుడ్డ కింద చెయ్యి కదలకుండా ఊరికే ఉంచుకుని, కొంతసేపటికి తీసి జంపఖానా మీద పెట్టేశాడు.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని మాట్లాడడం నాకు అప్పట్లో రాదు. "మూడేళ్లుగా ఈ సంచిలోవే తిరుగుతున్నాయి. ప్రతి ఆట తర్వాతా సంచి తాత ఇంటికే పోతోంది. ఇవాళ బయటి నాణెం వచ్చేసరికి అమ్మవారు దిగి పారిపోయింది. ఎందుకో చూడండి," అని సంచిలోంచి నాలుగు రూపాయలు తీసి అంచుల మీది గాట్లు చూపించాను. "ఇవి గుర్తులు. వేలు చదివింది అక్షరాల్ని కాదు, ఈ గాట్లని. ఇది దొంగ ఆట."

పాత రూపాయి మీద సరాఫు పెట్టిన గాటు లేకుండా ఉండదు. లోపల వెండి ఉందో లేదో చూడడానికి వెండి కొనేవాళ్లు ఉలితో చిన్న గాటు పెట్టేవాళ్లు. నాణేలు పోగుచేసే ఎవడికైనా మొదటి రోజు తెలిసే సంగతి అది. నాకూ తెలుసు. వాదం వేడిలో తెలిసింది కూడా అక్కరకు రాలేదు, లేదా నేనే రానీయలేదు. ఆ గాట్లలో కొన్ని సావుకారు తండ్రి పెట్టినవే. తాత సావుకారు ముఖంలోకి చూశాడు, అతను చెబుతాడని. సావుకారు బజ్జీల పొట్లం విప్పుతూ తల ఎత్తలేదు. వకీలు గారు మాత్రం, "పోనీలెండి పంతులు గారూ, ఆట కదా," అన్నారు.

"నువ్వన్నదే అనుకో సారూ," అని తాత లేచాడు. సంచి అక్కడే వదిలి పోయాడు.

నేను అంతటితో ఆగలేదు. నాగర్‌కర్నూలులో మేం కొందరం కలిసి నడిపే చేతిరాత పత్రిక ఒకటి ఉండేది. అందులో ఈ కథ రాశాను. పేరు పెట్టలేదు గాని గద్వాల నేతగాడు అని రాశాను. వేలిలో దేవత ఎట్లా పుడుతుందో, ఎట్లా చస్తుందో నాలుగు పుటలు. ఆ ప్రతి చేతులు మారి గద్వాల చేరిందనీ, ముడుపు రూపాయలు తెచ్చేవాళ్లు ఆగిపోయారనీ విన్నప్పుడు సంతోషించాను.

తర్వాతి ఆటకు ఆయన రాలేదు. ఆ పైదానికి నేను ముందుగా బయలుదేరి ఆయన ఇంటికి పోయాను. క్షమాపణ అడగడానికి కాదు. తప్పు ఒప్పుకుంటే మళ్లీ రమ్మందామని పోయాను. మగ్గం మీద చీర సగానికి వచ్చి ఉంది, కుంకుమరంగు అంచు. మగ్గం గుంటలో ఆయన భార్య కూర్చుని తెగిన పోగులు అతుకుతోంది. ఆయన గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"రా సారూ. ఇంకేమన్న రాసేది మిగిలిందా?"

నేను ఎదురుగా అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. మనిషి పొరపాటు చేస్తాడు, ఒప్పుకుంటే పోతుంది అని ఏదో చెబుతున్నాను. ఆయన వింటున్నాడు. బీడీ చివరికంటా కాలింది. ముందు వెంట్రుక మాడిన వాసన లాంటిది వచ్చింది. తర్వాత చూశాను. నిప్పు ఆయన వేలి మీద ఉంది.

"తాతా, వేలు!"

ఆయన దిగ్గున చూసుకుని బీడీ విసిరేసి, చెయ్యి చంకలో దాచుకున్నాడు. నొప్పికి దాచుకునేవాడి ముఖం కాదది. మోచేతి పైన రాగిరంగు మచ్చ ఒకటి కనిపించింది. నేను ఆరోగ్య పాఠాలు చెప్పే పంతులును. కుష్ఠురోగం పాపఫలం కాదని రెండు సభల్లో మాట్లాడినవాణ్ని. నెలల కింద నా కళ్ల ముందు ఒక వేలు స్పర్శ పోగొట్టుకుంటే, దాన్ని దొంగతనం అని చదివాను.

"ఎన్నాళ్లైంది?"

"పోయిన దసరా నుంచి. మొదలు చిటికెన వేలు. తర్వాత పక్కది. బొటనవేలు ఉన్నది గద అనుకున్న. ఉగాది దాటినంక అది గూడ పాయె."

"ఆ రోజు చెప్పొచ్చు కదా. నేను అంతలేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఏమని చెప్పాలె? దొంగ అన్నవ్. మంచిగనే అన్నవ్. దొంగ పక్కన జనం గూసుంటరు సారూ. జేబు తడుముకుంట గూసుంటరు, గని గూసుంటరు. గీ రోగమంటే ఎవడు గూసుంటడు?"

లోపల మగ్గం ఆగింది. ఆయన గొంతు తగ్గించాడు. "దవాఖాన ఉన్నదంట గద, సూదిమందు ఇస్తరంట. పోత. పోనంటలేను. గీ చీర దించి పోత. పట్టు ఇచ్చిన ఆసామికి తెలిస్తే పడుగు కోసుకపోతడు. రెండు నెలలు ఓపిక పట్టు. ఎవ్వరికి చెప్పకు."

నేను తల ఊపాను. అది ఊ అనడమో కాదో ఇద్దరిలో ఎవరం అడగలేదు.

అక్కడినుంచి సావుకారు దుకాణానికి పోయాను. వకీలు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. జంపఖానా పరుస్తూ సావుకారు, "ఆ దొంగ ఇగ రాడు తియ్. వస్తే మాత్రం నా పెట్టెకు తాళమేసి రానిస్త," అన్నాడు. నేను నేర్పిన మాట అది. విని ఊరుకోలేకపోయాను. నిజం దాచి నిందను నిలబెట్టడం కంటే పెద్ద తప్పు లేదని నాకు నేను చెప్పుకుని, చూసిందంతా చెప్పేశాను. ఆయన దొంగ కాదు, రోగి. మన ఆట సాగుతుండగానే ఆయన వేలు చచ్చిపోయింది, మనలో ఒక్కరం గమనించలేదు. వాళ్ల కళ్లు తడుస్తాయని ఎదురుచూశాను.

వకీలు గారు సంచి మీద ఆనించిన చెయ్యి మెల్లగా తీసి ధోవతికి తుడుచుకున్నారు. సావుకారు లేచి ఇంట్లోకి కేకేశాడు, "వేడినీళ్లు పెట్టున్రి. చింతపండు గూడ పట్టుకరాండి." పట్టు సంచిని కట్టెపుల్లతో ఎత్తి ఇత్తడి పళ్లెంలో బోర్లించి, ఆ సంచిని అట్లాగే పొయ్యిలో పెట్టించాడు. మూడేళ్ల పాటు మేం నీటి చుక్క కూడా తగలనీయకుండా చూసుకున్న నాణేలు మసిలే నీళ్లలో పడి చప్పుడు చేశాయి.

నేను వాదించాను. లోహం పట్టుకుంటే అంటుకునే రోగం కాదని, అంటుకునేదైతే ఈపాటికి నలుగురికీ ఉండేదని. "వకీల్ సాబ్, మీరైనా చెప్పండి," అన్నాను.

"మీ మాట నిజమే పంతులు గారూ," అన్నారాయన నెమ్మదిగా. "కాని మా ఇంట్లో పిల్లలున్నారు."

మా ఆట ఆ రోజుతో ఆగింది. మాట బయటికి పొక్కి, వారం తిరగకుండానే ఆసామి మనుషులు పోయి పడుగు కోశారు. నేసిన సగం చీరను పెరట్లో తగలబెట్టారు. ఈ సంగతి నాకు సావుకారే ఉత్తరంలో రాశాడు, మేలు చేసినట్టు.

తాత దవాఖానకు బయలుదేరే రోజు తెలుసుకుని గద్వాల స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం చివర, అందరికీ దూరంగా భార్యాభర్తలు మూట ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె నన్ను చూసి కొంగు తలమీదికి లాక్కుని అటు తిరిగింది.

"చెప్పినవా సారూ?"

"నీ మీద నింద పోవాలని చెప్పాను తాతా."

"నింద పాయె. నేను గూడ పోతున్న."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన రొంటి ముడి విప్పి ఒక రూపాయి తీశాడు. గద్వాల టంకసాలలో కొట్టిన పాత రూపాయి, బొగ్గులా నల్లగా ఉంది. మూడేళ్లలో దాన్ని ఎప్పుడూ ఆటకు తేలేదు.

"మా తాత సంపాదించింది. దీని మీద ఏం రాసున్నదో ఎన్నడు చదివియ్యలె. చదివిస్తే ఇగ వేలితోని పనేముంటదని. ఇప్పుడు వేలే లేకపాయె. నీకు ఫారసీ వస్తది గద. చదివి నాకొక కార్డు రాయి."

చుట్టూ నలుగురు చూస్తున్నారు. ఆయన అరచేతిలో పెట్టి చాచాడు. నేను తీసుకున్నాను. తీసుకుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను కూడా. వాళ్ల రైలు వచ్చేదాకా వదల్లేదు. ఆ నిమిషం నా మీద నాకు గౌరవం కలిగింది.

ఆ గౌరవం కృష్ణ వంతెన దాటేదాకా నిలిచింది. తిరుగురైల్లో రూపాయి రుమాలులో ఉంది, రుమాలు జేబులో కాక బెంచీ మీద ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాను, ముఖం దురద పెట్టినా తాకలేదు. పుస్తకాల్లో చదివినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అన్నీ నా వైపే ఉన్నాయి. ఇల్లు చేరాక ముందు చేతులు కడుక్కున్నాను. అది ప్రయాణం మురికి అనుకోవచ్చు. తర్వాత పొయ్యి మీద మసులుతున్న నీళ్లను గిన్నెలో పోసుకుని, రూపాయిని అందులో వేసి, చింతపండు తీశాను.

"నాణేలు కడగరాదని మీరే అంటరు గద," అన్నది నా భార్య.

"ఇది వేరే."

రెండు వైపులా తోమాను. అంచు కూడా తోమాను. చేతికి తీసుకునేసరికి అది పున్నమి చంద్రుడిలా ఉంది. నునుపుగా, తెల్లగా. దీపం దగ్గర పెట్టాను, మర్నాడు ఎండలో పెట్టాను, భూతద్దం తెచ్చి చూశాను. ఒక మూల ఒక గీత, ఇంకో మూల రెండు చుక్కలు. అంతకు మించి ఏమీ మిగల్లేదు. ఆయన తాత కాలం నుంచి పేరుకున్న నలుపు గిన్నెలో అడుగున ఉంది.

నెల రోజులు కార్డు రాయలేదు. తర్వాత వకీలు గారి దగ్గరున్న గద్వాల రూపాయి ఒకదాన్ని అడిగి చూసుకుని, దాని మీద నాలుగు వరుసల్లో ఉన్న ఫారసీ మాటల్ని తెలుగులో పెట్టి, నీ రూపాయి మీద ఉన్నది ఇదీ అని అట్లాగే నాలుగు వరుసలుగా రాసి పంపాను. అబద్ధాల మీద అన్ని వ్యాసాలు రాసినవాణ్ని, అంత శ్రద్ధగా అబద్ధం రాయడం అదే మొదలు.

జవాబు వచ్చింది. దవాఖానలో కాంపౌండరెవరో ఆయన చెబుతుంటే ఉన్నదున్నట్టు రాసిన కార్డు అది. సూదిమందు నొప్పిగా ఉందనీ, భార్య తనతోనే ఉంటోందనీ, అక్కడ కూడా ఒక మగ్గం ఉందనీ, చూడడానికి బాగుందనీ రాసి ఉంది. చివర ఇది:

"రూపాయి మీద మూడే వరుసలు సారూ. వేలు మంచిగున్నప్పుడు నేను ఎన్నోసార్లు తడిమిన. నువ్వు నాలుగు రాసినవ్. కడిగినవా?"

ఆ కార్డు, ఆ రూపాయి ఒకే పెట్టెలో ఉన్నాయి. అడిగింది ఒక్క మాటే. నేను జవాబు రాయలేదు. తర్వాతి ఏడాది నేను రాద్దామని కూర్చునేసరికి, అందుకునే మనిషి లేడని తెలిసింది.